‘మన’ అంటే ఎవలెవలు?

1356 ఫసలీ, దై నెల 14వ తేదీ. ఇంగ్లీషు లెక్కన 1946 నవంబరు. స్థలం: మంచాల పక్కన ఒక పల్లెలో సాయవ్వ పశువుల కొట్టం. వేళ: మధ్యాహ్నం.

హాజరైనవారు: కొట్టం యజమానురాలు సాయవ్వ. ఆ కొట్టంలో రెండేళ్లుగా తెలుగు బడి నడుపుతున్న చంద్రయ్య పంతులు. ఊరి పటేల్ జంగారెడ్డి. ఎన్నికల్లో నిలబడిన ఒక వకీలు తరఫున పట్నం నుంచి వచ్చిన శ్రీపతిరావు. ఇబ్రహీంపట్నం తహసీల్ కచేరి ముందు కూర్చునే అర్జీనవీసు, అంటే నేను. ఊరివాళ్లు నలభై మంది దాకా. పిల్లలను లెక్కపెట్టలేదు.

నా డైరీలో ఆ రోజు పుట ఇలాగే మొదలవుతుంది. ఊరి పేరు కూడా అందులో ఉంది. ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

అర్జీనవీసు అన్న మాట ఇప్పటివాళ్లకు తెలియదు. నిజాం కాలంలో కచేరి భాష ఉర్దూ, ఊళ్ల భాష తెలుగు. ఆ రెంటి మధ్య చాప పరుచుకుని కూర్చునేవాడే అర్జీనవీసు. ఊళ్లలో మున్షీ అని పిలిచేవారు. రైతు తన గోడు తెలుగులో చెబుతాడు. మేము ఉర్దూలో రాస్తాము. రాసింది మళ్లీ తెలుగులో చదివి వినిపిస్తాము. అతను ఒప్పుకుంటే వేలిముద్ర తీసుకుంటాము. అన్నిటికన్నా కింద, ‘చదివి వినిపించి, అర్థం చేయించి, ఒప్పుకున్న తర్వాత వేలిముద్ర తీసుకోబడినది’ అని ఒక వాక్యం రాసి, సంతకం చేసి, మా సనదు నంబరు వేస్తాము. సనదు అంటే ఈ పని చేయడానికి సర్కారు ఇచ్చిన అనుమతి పత్రం. ఆ వాక్యం లేని అర్జీని కచేరిలో తాకరు. పైన రాసిందంతా ఎవరిదో గోడు. ఆ వాక్యం ఒక్కటే మా సొంత మాట. అప్పటికి పన్నెండేళ్లుగా నేను దాన్ని రాస్తున్నాను.

ఆ ఏడు సంస్థానంలో కొత్త అసెంబ్లీకి ఎన్నికలన్నారు. ఓటు అందరికీ లేదు. మా వైపు పల్లెల్లో చెప్పుకోదగ్గ భూమి ఉన్న కొద్దిమందికే ఉంది. అయినా ఓటు లేనివాళ్ల ఇళ్ల ముందు కూడా ఉపన్యాసాలు జరిగాయి, ఎందుకంటే ఓటున్నవాడు తన ఊళ్లో తలెత్తుకుని ఓటేయాలి కదా. నిలబడిన ప్రతివాడికీ తెలుగు, ఉర్దూ రెండింటిలో కాగితాలు కావాలి. అందువల్ల అన్ని పక్షాలవాళ్లూ నా చాప దగ్గరికే వచ్చేవారు.

అందరూ మొదట మాట్లాడేది బడుల గురించే. రోడ్డు వేస్తామంటే ఎప్పుడని అడుగుతారు, శిస్తు తగ్గిస్తామంటే నవ్వుతారు. బడి అంటే మాత్రం ఆగి వింటారు. నేను డైరీలో ఒక పుటకు నిలువునా గీత గీసి, ఎడమ పక్క వాళ్లు తెలుగులో నోటితో చెప్పింది, కుడి పక్క ఉర్దూలో కాగితం మీద రాసింది ఎక్కించడం మొదలుపెట్టాను. ఎడమ పక్క ‘ప్రతి ఊళ్లో బడి’ అని ఉంటే, కుడి పక్క ‘తగిన చోట్ల’ అని ఉండేది. ఎడమ పక్క ‘ఫీజు లేని చదువు’. కుడి పక్క ‘స్తోమత లేదని విచారణలో తేలినవారికి’. ఈ ఎన్నికలే బూటకం, ఓటు వేయొద్దు అని తిరిగే పక్షం కూడా ఒకటి ఉంది. వాళ్లను బడి సంగతి అడిగితే, ముందు రాజ్యం మారాలి, తర్వాత అన్నీ వస్తాయి అన్నారు. వాళ్ల కుడి పక్క నేను ఏమీ రాయలేకపోయాను. ఆ పుట నిండేసరికి ఎవరి మాటా ఒక్క చెవితో వినే అలవాటు పోయింది నాకు.

ఇక చంద్రయ్య బడి సంగతి. చంద్రయ్య కోహెడ సాలె కుటుంబం కుర్రవాడు, ఇరవై ఆరేళ్లు. సర్కారు బడి నాలుగు క్రోసుల దూరంలో ఉంది, అక్కడ చదువంతా ఉర్దూలో. అంత దూరం పోలేని పిల్లలకు ఇతను తెలుగు నేర్పుతున్నాడు. ఇలాంటి సొంత బడిని ఖాన్గీ బడి అనేవారు. పెట్టే ముందే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, తీసుకోవాలి. చంద్రయ్య రెండుసార్లు అర్జీ పంపాడు, జవాబు రాలేదు. ఈసారి తాలీమాత్ శాఖ, అంటే విద్యాశాఖ, ఇన్‌స్పెక్టరే వస్తున్నారు. మేము ఆయనను నాజిర్ సాబ్ అనేవాళ్లం. పదిహేనో తేదీ పొద్దున ఇబ్రహీంపట్నం ముసాఫిర్‌ఖానాలో, అంటే సర్కారు సత్రంలో, మకాం. ఊరంతా కలిసి ముద్రలు వేసిన మహజర్, అంటే ఉమ్మడి అర్జీ, ఆయన చేతికి అందాలి. అందితే జవాబు వచ్చేదాకా బడి నడుస్తుంది. అందకపోతే ఆ రోజే మూత, పంతులు మీద కేసు.

పద్నాలుగో తేదీ పొద్దున శ్రీపతిరావు నా చాప దగ్గరికి వచ్చాడు. తెల్లటి షేర్వాణీ, తియ్యటి తెలుగు. మహజర్ అప్పటికే పట్నంలో అందమైన దస్తూరితో రాయించి తెచ్చాడు. మా వకీలుసాబే దీన్ని నాజిర్ సాబ్‌కు ఇప్పిస్తారు, మీరు ఊరికి వచ్చి చదివి వినిపించి ముద్రలు తీసుకుంటే చాలు అన్నాడు. నేను ఒకసారి పైనుంచి కిందికి చదివాను. తప్పేమీ కనబడలేదు. అప్పుడే, అక్కడే, చాప మీదనే కూర్చుని ఆ చివరి వాక్యం రాసి సంతకం చేసేశాను. ఎద్దుబండి కుదుపులో సిరాబుడ్డి ఒలికిపోతుంది, అందుకని ఊళ్లకు పోయేటప్పుడు అలా ముందే చేసుకోవడం నాకు అలవాటు. మా వృత్తిలో చాలామందికి ఉండేది. ఎన్నడూ చెడు జరగలేదు కాబట్టి అది చెడు అలవాటని అనుకోలేదు.

కొట్టంలో పశువులను బయట కట్టేసి, నేల ఊడ్చి ఉంచారు. గోడకు నల్లరంగు పూసిన చెక్కపలక, దాని మీద అక్షరాలు. జంగారెడ్డి పటేల్ కోసం మంచం వేశారు. ఆయన కూర్చుంటూనే, చదవకముందే, కాగితం తెప్పించుకుని సంతకం చేశాడు. వకీలుకు ఓటు వేస్తానని అప్పటికే మాట ఇచ్చాడట. సాయవ్వ గడప పక్కన కూర్చుని ఆముదపు కాయలు ఒలుస్తున్నది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక పదెకరాల చెలక తనే చేయించుకుంటున్నది. పెద్దపిల్ల లచ్చి ఆ బడిలోనే చదువుతున్నది.

శ్రీపతిరావు నిలబడి మాట్లాడాడు. మన ఊళ్లె మన బడి, మన భాషల మన పిల్లలకు సదువు, మన వకీలుసాబ్ గెలిస్తే తాలూకాలో ప్రతి ఊరికీ ఇదే అన్నాడు. జనం తలలూపారు. తర్వాత నేను కాగితం చదవడం మొదలుపెట్టాను. ఉర్దూ మీద కళ్లు, నోట్లో తెలుగు.

“…కాబట్టి మన భాషలో ఒక బడి నడుపుటకు ఇజాజత్ ఇప్పించగలరు.”

“జర ఆగు మున్షీ,” అంది సాయవ్వ, కాయలు ఒలుస్తూనే. “మన అంటివి. గా మనల ఎవలెవలున్నరు?”

జనం నవ్వారు.

“ఊరోళ్లు అక్కా. ఇంకెవలుంటరు?” అన్నాను.

“గీ కాయితం ఎవలకు పోతది?”

“సర్కారుకు.”

“సర్కారుకు పోయే కాయితంల మన అని ఎట్ల రాస్తవ్? నా ఎడ్లు తప్పిపోతే ఠాణాకు పోయి, మన ఎడ్లు తప్పిపోయినయ్ అంటనా? మా ఎడ్లు అంట. మన ఎడ్లంటే ఠాణేదారుకు సుత పాలున్నట్టు.”

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. నేను నవ్వలేదు. కాగితంలోకి చూశాను. అక్కడ ‘హమారీ జబాన్’ అని ఉంది. జబాన్ అంటే భాష. హమారీ అన్నది ఉర్దూలో ఒక్కటే మాట. వినేవాణ్ణి కలుపుకుని చెప్పినా అదే, కలుపుకోకుండా చెప్పినా అదే. పన్నెండేళ్లలో ఎన్ని వందల ‘హమారా’లను చదివి ఉంటానో, నోటికి ఏది వస్తే అది, ఒకచోట మా అని, ఒకచోట మన అని చదువుకుంటూ పోయాను. ఆ తేడాను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

“అక్కా, ఉర్దూల రెంటికీ ఒక్కటే మాట. హమారీ అంటే మా. హమారీ అంటే మన.”

“అయితే గది మా అయితదో మన అయితదో ఎవలు చెప్తరు?”

“సదివెటోళ్లు.”

“సదివెటోళ్లు మేం గాదు గదా.”

శ్రీపతిరావు కల్పించుకున్నాడు. “సాయవ్వా, గింత దానికి గంత లొల్లి ఎందుకు? నీ భాష ఏందో అందరికి ఎరికెనే.”

“ఎరికైతే పేరు రాయుండ్రి. తెలుగు అని.”

“ఎరికైనదాన్ని మల్ల రాసుడెందుకు?”

“ఎరికైనదే గదా, రాస్తే ఏం పాయె?”

అతను నా వైపు చూశాడు, సాయం చేయమన్నట్టు. నేను తల కాగితంలోకి దించాను. అప్పుడతను, కాగితం మంచి దస్తూరితో రాయించింది, మధ్యలో దిద్దితే కచేరిలో తీసుకోరు అన్నాడు. అది నిజం కాదు. దిద్దిన చోట పక్కన పొడి సంతకం పెడితే తీసుకుంటారు, నేను రోజూ చేసే పని. ఆ మాట చెప్పాను. ఈసారి గొంతు తగ్గించి నాతోనే అన్నాడు: “మున్షీసాబ్, పేరు పెడితే పైన కొందరికి గుచ్చుకుంటది. గెలిచినంక అన్నీ సాఫ్ చేసుకుందం.”

ఒక చిన్న మాట చేర్చకపోవడానికి మూడు కారణాలు చెప్పాడు. ఒకటి రెండోదానితో కలవదు, రెండోది మూడోదానితో కలవదు. చెప్పని నాలుగోది ఒకటి ఉండి ఉండాలని నాకు అనిపించింది. కాగితం మొదటి పంక్తి మళ్లీ చూశాను. ‘మేము’ అని మొదలవుతుంది. ఎవరా మేము? మొదట ఆ వకీలుగారి సభ సభ్యులు, ఆ తర్వాత గ్రామవాసులు. ఆ సభ పట్నంలో జరుపుకునే వ్యవహారమంతా ఉర్దూలోనే. అంటే ఈ కాగితాన్ని పల్లెలో చదివితే ‘మా తెలుగు’. పట్నంలో ఎవరైనా పెద్ద అధికారి చదివితే ‘మా ఉర్దూ’. రెండు చోట్లా ఎవరికీ కోపం రాదు. పొద్దున నాకు తప్పు కనబడకపోవడానికి కారణం అదే. తప్పు అనేది ఏ మాటలోనూ లేదు.

“ఇవి సాయవ్వ మాటలు కావు,” అన్నాడు శ్రీపతిరావు జనంతో. “ఎన్నికలు వద్దని తిరిగెటోళ్లు పంతులుకు నేర్పిన్రు, పంతులు ఈమెకు నేర్పిండు.”

నిజం చెప్పాలంటే ఆ అనుమానం నాకూ వచ్చింది. చదువు రాని మనిషికి ఇంత సన్నని తేడా ఎలా దొరికిందని చంద్రయ్య వైపే చూశాను.

“నా ఎడ్లు ఏవో, పక్కోని ఎడ్లు ఏవో నాకు పంతులు నేర్పిండా రావుసాబ్?” అంది సాయవ్వ. 

జంగారెడ్డి పటేల్ మంచం మీద నుంచి విసుక్కున్నాడు. “సాయవ్వా, రేపు పొద్దుగాల నాజిర్ వస్తుండు. ఈ కాయితం లేకుంటె బడి బంద్. ముద్ర ఎయ్యి, ఊకో. నువ్వేమన్న పట్నం పోయి వాదిస్తవా?”

“నీ మనుమలు పట్నంలనే సదువుతున్నరు పటేలా. ఈ బడి బందయితే నీకేం ఫికర్? మా లచ్చికి ఇదొక్కటే బడి. ఏ భాషల సదువుతదో పేరు తెల్వకుంట ఎట్ల ఎయ్యాలె ముద్ర?”

ఆమె లేచి వచ్చి ముద్ర వేయలేదు. ఆమె వేయకపోతే వెనకున్నవాళ్లు కూడా కదలలేదు, ఎందుకంటే కొట్టం ఆమెది.

శ్రీపతిరావు నా చేతిలోని కాగితం తీసుకుని మడత పెట్టుకున్నాడు. కోపంగా ఏమీ కాదు, నెమ్మదిగా. “పటేల్ దస్కత్ అయ్యింది. మున్షీసాబ్ దస్కత్ అయ్యింది. తక్కువైన ఏలిముద్రలు ఏడ దొరుకుతయో నాకెరికె,” అని బండెక్కాడు. ఆ బండిలోనే నేనూ వచ్చాను. నన్ను ఎక్కమనలేదు.

బండి మలుపు తిరిగాక సాయవ్వ అడిగింది.

“మున్షీ, నువ్వు ఇప్పుడే గదా సదివింది? నీ దస్కత్ అండ్ల ఎప్పుడయ్యింది?”

“పొద్దుగాల.”

“ఏడ?”

“ఇబ్రహీంపట్నంల. నా చాప మీద.”

“సదవకముందే, సదివి వినిపిచ్చిన అని రాసినవా?”

“అవ్.”

ఈసారి జనంలో ఎవరూ నవ్వలేదు. సాయవ్వ నన్ను తిట్టలేదు కూడా. తలుపు దగ్గర నిలబడిన కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు గురించి ఆ రోజు డైరీలో ఒక్క పంక్తి రాసి కొట్టేశాను. కొట్టేసిన గీత కింద ఇప్పటికీ చదవవచ్చు.

కొత్త మహజర్ అక్కడే రాయాలని చంద్రయ్య అన్నాడు. బడి కాబట్టి కాగితం, కలం, సిరా ఉన్నాయి. ‘మేము, ఈ గ్రామవాసులము’ అని మొదలుపెట్టాను. ఎవరి సభ పేరూ రాయలేదు. భాష దగ్గరికి వచ్చేసరికి ‘హమారీ జబాన్, అనగా తెలుగు’ అని ఉర్దూలో రాసి చదివాను.

“నువ్వు రాసినవని నువ్వే చెప్తున్నవ్,” అంది సాయవ్వ. “మాకెట్ల తెలుస్తది? గా ఒక్క మాట తెలుగు అక్షరాలల్ల రాయి.”

ఉర్దూ అర్జీ మధ్యలో తెలుగు అక్షరాలు అంతకు ముందు నేను ఎన్నడూ రాయలేదు. రాయకూడదన్న నియమం ఏదైనా ఉందా అని ఆలోచించాను, జ్ఞాపకం రాలేదు. రాశాను. కుడి నుంచి ఎడమకు పోతున్న పంక్తిలో ఆ మూడక్షరాలు ఎడమ నుంచి కుడికి నిలబడ్డాయి. ఆమె చంద్రయ్య చేత చదివించలేదు. లచ్చిని పిలిచింది. పదేళ్ల పిల్ల వంగి, వేలు పెట్టి, “తె, లు, గు” అని చదివింది.

“ఇగ తెండ్రి మసి,” అంది సాయవ్వ.

దీపపు మసిలో ఆముదం కలిపి ముద్రలు తీశాము. మొదటిది ఆమెది. మొత్తం ఇరవై ఏడు అయ్యాయి. పటేల్ మాత్రం, నా దస్కత్ ఒక్కసారే అయితది అని లేచి ఇంటికి పోయాడు. ముద్రలు ఆరేదాకా కాగితాన్ని మోకాళ్ల మీద పట్టుకుని కూర్చున్నాను. అన్నీ ఆరాక అప్పుడు, అందరూ చూస్తుండగా, చివరి వాక్యం రాశాను. ఆ తర్వాత నేను వృత్తి మానేదాకా ఎన్నడూ దాన్ని మరోలా రాయలేదు.

పొద్దు వాలకముందే చంద్రయ్య ఊరి బండిలో నన్ను ఇబ్రహీంపట్నం చేర్చాడు. దారిలో అతనే అన్నాడు: “మున్షీసాబ్, మీ పొద్దుగాలటి దస్కత్ ముచ్చట మీరు చెప్పకున్నా నడుస్తదేమో. ఆ రావు కాయితం తేకపోవచ్చు.”

“తెస్తడు.”

“తెస్తే రెండూ మీయే అయితయి. మీ సనదు పోతది.”

“చెప్పకుంటె నీ బడి పోతది.”

అతను ఎడ్లను అదిలించాడు. అతను నా మేలు కోరి అన్నాడా, నేను నిజంగా చెబుతానో లేదో చూద్దామని అన్నాడా అని నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నేను అందరినీ అనుమానించాను. నన్ను కూడా.

పదిహేనో తేదీ పొద్దున ముసాఫిర్‌ఖానా ముందు సాయవ్వ, చంద్రయ్య బండి దిగేసరికి శ్రీపతిరావు లోపలే ఉన్నాడు. నాజిర్ సాబ్ సన్నటి మనిషి, కళ్లద్దాలు, తక్కువ మాట. బల్ల మీద రెండు మహజర్లు పక్కపక్కన పెట్టుకున్నారు. మొదటి దాని మీద నిన్న లేని వేలిముద్రలు ముప్పై దాకా ఉన్నాయి. ఆయన ఉర్దూలోనే మాట్లాడారు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“ఒకే రోజు, ఒకే ఊరు. రెంటి కిందా మీ వాక్యమే ఉంది. ఏది వినిపించారు?”

“రెండూ చదివాను హుజూర్. మొదటిది వాళ్లు ఒప్పుకోలేదు. రెండోది ఒప్పుకున్నారు.”

“మొదటి దాని కింద ఒప్పుకున్నారని రాసి ఉందే?”

“వినిపించకముందే రాశాను.”

శ్రీపతిరావు అందుకున్నాడు. ఊరివాళ్లు బెదిరిస్తే మున్షీ మాట మార్చాడన్నాడు. నాజిర్ సాబ్ చెయ్యి ఎత్తి ఆపారు. కొత్త కాగితం తీసుకుని నా బయాన్, అంటే వాంగ్మూలం, స్వయంగా రాశారు. రాసింది మొదటి నుంచి చివరిదాకా నాకు నిదానంగా చదివి వినిపించారు. పన్నెండేళ్లు ఇతరులకు చదివి వినిపించినవాణ్ణి, నాకు ఒకరు చదివి వినిపించడం అదే మొదలు. మన తప్పు ఇంకొకరి గొంతులో విన్నప్పుడు ప్రతి మాట దగ్గరా ఆగి, ఇదే అన్నానా అని చూసుకుంటాము. అర్థమైందా అని అడిగారు. అయిందన్నాను. అప్పుడు సంతకం చేయించారు.

తర్వాత శ్రీపతిరావు వైపు తిరిగారు.

“హమారీ జబాన్ అని రాశారు. ఏ జబాన్?”

“హమారీ, హుజూర్.”

“అదే అడుగుతున్నాను. ఎవరిది?”

శ్రీపతిరావు చేతులు కట్టుకుని అన్నాడు: “సర్కారు ఏది మంజూరు చేస్తే అదే హుజూర్.”

నిన్న అతను చెప్పని నాలుగో కారణం అది. చంద్రయ్యకు ఉర్దూ కొద్దిగా వచ్చు, అతను సాయవ్వ చెవిలో చెప్పాడు. ఆమె తల ఊపింది, తనకు తెలిసిందే విన్నట్టు.

నాజిర్ సాబ్ మొదటి మహజర్‌ను నా బయాన్‌తో కలిపి దారం కట్టి పక్కన పెట్టారు. రెండోదాని మీద ఆ తెలుగు అక్షరాలు చూసి, కొట్టేయకుండా నంబరు వేశారు. జవాబు వచ్చేదాకా బడి మూయకూడదని కింద రాశారు. బయాన్ అక్కడి నుంచి కచేరికి, తహసీల్దారు ముందుకు పోయింది. పొద్దు ఇంకా నడినెత్తికి రాకముందే నన్ను పిలిచారు. సనదు బల్ల మీద పెట్టమన్నారు. ఆరు నెలలు.

బయటికి వచ్చాను. సాయవ్వ బండి పక్కన నిలబడి ఉంది.

“బడి?” అంది.

“జవాబొచ్చేదాక నడుస్తది.”

“మరి నువ్వు?”

“ఆరు నెల్లు కచేరి ముందట కలం ముట్టద్దన్నరు.”

ఆమె ఎడ్ల మెడ మీద కాడి సర్దింది. “కచేరి ముందట ముట్టద్దన్నరు. మా కొట్టంల ముట్టద్దనలే గదా?”

“కొట్టంల నేనేం జేస్త అక్కా?”

“పొద్దుగాల చంద్రయ్య తెలుగు చెప్తడు. మాపటీలి నువ్వు ఉర్దూ చెప్పు. మా లచ్చికి, ఇంక వచ్చెటోళ్లకు.”

“నిన్ననే తెలుగు అని రాస్తే గాని ముద్ర ఎయ్యనంటివి. ఇయ్యాల ఉర్దూ చెప్పమంటవా?”

“సదువు తెలుగులనే. అండ్ల మార్పు లేదు. కానీ కాయితాలు ఉర్దూల వస్తున్నయ్ గదా మున్షీ. రేపు ఇంకొక రావుసాబ్ వస్తడు, ఇంకొక కాయితం తెస్తడు. గప్పుడు సుత నువ్వు సదివితే మేము వినాలె. నువ్వు ఏం సదివినవో మాకెట్ల తెలుస్తది? మా లచ్చి సదువుకుంటె నీతోని పనుండది.”

చంద్రయ్య నా ముఖం వైపు చూడకుండా ముల్లుగర్ర తీసుకున్నాడు. సాయవ్వ ఆ మాట కోపంతో అనలేదు, పొలం పని పురమాయించినట్టు అంది. నాకు కూడా కోపం రాలేదు. ఎప్పటి నుంచి రమ్మంటావని అడిగాను.

“ఎప్పటి సంది ఏంది? బండి ఖాళీగనే పోతుంది,” అంది. “ఎక్కు.”